మేకుకు వేలాడిన రొట్టె

కోరతుత్
జనవరి, 1990

అక్కయ్య రోజియాకు చెల్లెలు సబోహత్ సలాం.

ఇక్కడ మేమంతా క్షేమం. ఆవు ఈనింది, పెయ్యదూడ. మీ మరిది నార్‌బోయ్‌కి నడుంనొప్పి అలాగే ఉంది. బుఖారాలో చలి ఎలా ఉంది? నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

మా ఇంట్లో ఒక చిత్రం జరిగింది. మొన్న మధ్యాహ్నం తందూరులోంచి రొట్టెలు తీస్తుంటే వాకిట్లో ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే మన ఊరి పోలీసు హమ్దమ్. కబురు లేదు, కాకరకాయ లేదు, నేరుగా వచ్చి నిలబడ్డాడు.

"ఏం సబోహత్, చలికి చచ్చిపోతున్నా. కాస్త టీ పోస్తావా?" అన్నాడు.

వచ్చినవాణ్ణి కాదనలేం కదా. లోపలికి తీసుకెళ్ళి బొంత పరిచాను. మీ మరిది ఒక సలాం కొట్టి, అతను విప్పిన బూట్లు వాకిలి వైపు తిప్పి పెట్టి, ఆవుకు గడ్డి వేయాలని కొట్టంలోకి వెళ్ళాడు. హమ్దమ్ వెళ్ళేదాకా ఆవు దగ్గరే ఉన్నాడు.

హమ్దమ్ గోడకు ఎదురుగా కూర్చున్నాడు. మా ఎల్మురాద్ పట్టాళానికి వెళ్ళే రోజు ఒక కొరుకు కొరికి నా చేతికిచ్చిన రొట్టె ఉంటుందే, అది వేలాడే మేకు ఉన్న గోడ.

"అబ్బాయి దగ్గర్నుంచి జాబులొస్తున్నాయా?"

"వస్తున్నాయండీ."

"బాగున్నాడటా?"

"బాగున్నాడండీ."

అంతే, ఇంకేమీ అడగలేదు. టీ తాగుతూ ఆ మేకు వంకే చూస్తున్నాడు. నేనే ఆగలేక, "రొట్టెకు బూజు పట్టింది, దులుపుదామని తీశాను" అన్నాను. "ఊఁ" అన్నాడు. వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి, "తలుపు గట్టిగా వేసుకో, గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు.

ఎందుకొచ్చినట్టు అక్కయ్యా? నాకు ఏమీ తోచడం లేదు.

నీ చెల్లెలు
సబోహత్


బుఖారా
జనవరి

ఒసేయ్ సబోహత్,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తరవాత నా నెత్తి కొట్టుకున్నాను.

ముందు నీ మొగుడి సంగతి. పోలీసు బూట్లు తిప్పి పెట్టాడా! నాన్న ఉండగా మనింట్లో ఆ మర్యాద ఊరి పెద్దలకు చేసేవాళ్ళం. ఆ బూట్లకు వెన్న రాయలేదు, అదే సంతోషం. తరవాత వెళ్ళి ఆవు చాటున దాక్కున్నాడా? ఆ ఆవుకు నా సానుభూతి చెప్పు. మొన్ననే ఈనింది, అప్పుడే ఇంకో దూడను సాకాల్సి వచ్చింది.

ఇక హమ్దమ్. వాడు నా కళ్ళెదుట పెరిగాడు. బడిలో నా ముందు బెంచీ, ఎప్పుడూ ముక్కు కారుతూ ఉండేవాడు. నెత్తిన టోపీ పెట్టుకున్నంత మాత్రాన వాడికి గారు, అండి తగిలించి నిలబడ్డావు. నేను ఈ హమ్మాంలో స్నానానికొచ్చే ఆడవాళ్ళ బట్టలకు ఇన్నేళ్ళుగా కాపలా కాస్తున్నాను. పార్టీ కార్యదర్శి పెళ్ళామైనా, వీధులూడ్చే ఆవిడైనా, ఆవిరి గదిలోకి వెళ్ళాక నాకు కనిపించేవి వీపులే. ఊడే టోపీకి అంత వణుకు ఎందుకే? వాడు వచ్చింది నీ రొట్టెల వాసనకు. తిండిపోతు.

ఇప్పుడు అసలు సంగతి. బూజు దులపడానికి తీశావా? ఎవరికే ఈ కథలు? మామయ్య జర్మన్ యుద్ధం నుంచి తిరిగొచ్చేదాకా అమ్మమ్మ ఆయన రొట్టెను ముట్టలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు. కొరికినవాడు వచ్చి తింటేనే అది దిగాలని అమ్మ నాకు చెప్పింది, నీకు నేను చెప్పాను. నువ్వు చీమను తొక్కినా ఏడ్చేదానివి, నీ అంతట నువ్వు ఆ రొట్టె దింపవు. దింపావంటే దానికి అర్థం ఒక్కటే.

నాకు నిజం రాయి. పోస్టులో మాత్రం వద్దు. బస్సు నడిపే ఎర్గష్ చేతికివ్వు. వాడు నోరు విప్పడు. విప్పితే పళ్ళు రాలగొడతానని వాడికి తెలుసు.

రోజియా


కోరతుత్
ఫిబ్రవరి

అక్కయ్యా,

నీ దగ్గర దాచాలని కాదు. కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఎల్మురాద్ వచ్చాడు. పట్టాళం నుంచి పారిపోయి వచ్చాడు. పేరుకు సైన్యం గానీ వాడి చేతికి తుపాకీ ఇవ్వలేదు, పార ఇచ్చారు. ఎక్కడో ఉత్తరాన గడ్డకట్టిన నేలలో పునాదులు తవ్వించారు. ముందు చేరినవాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళను కొట్టడం అక్కడ మామూలట. మనవాళ్ళంటే మరీ లోకువట. ఒకరోజు నలుగురు కలిసి బెల్టులతో కొట్టారు. పక్కటెముకలు విరిగాయి. ఎడమ చెవి వినబడదు. పై అధికారికి చెప్పుకుంటే ఆయన నవ్వాడట.

పెరటి వైపు నుంచి వచ్చి నిలబడితే నేను పోల్చుకోలేదు, ఎవరో బిచ్చగాడనుకున్నాను. "అమ్మా, ఆకలి" అన్నాడు. నేనేం చేశానో నాకే తెలియదు. నేరుగా వెళ్ళి మేకు మీద రొట్టె దింపి, టీలో నానబెట్టి, ముద్ద ముద్దగా తినిపించాను. వాడు వచ్చాడు కదా, తినాలి కదా అనిపించింది. ఆ మేకు ఖాళీ అయితే ఎవరైనా చూస్తారని ఆ క్షణంలో తట్టలేదు.

ఇప్పుడు గడ్డివాము వెనక గదిలో ఉన్నాడు. దొరికితే సైనిక జైలు. మళ్ళీ ఆ మనుషుల చేతుల్లోకే వెళ్తాడు. ఈసారి బతకడని వాడే అంటున్నాడు. మీ మరిది తిండి మానేశాడు. నన్ను ఏం చెయ్యమంటావు?

సబోహత్


బుఖారా
ఫిబ్రవరి

సబోహత్,

ఏడవడం ఆపి ఇది చదువు.

పిల్లవాణ్ణి ఎర్గష్ బస్సులో నా దగ్గరికి పంపు. ఇక్కడ హమ్మాం కింద నీళ్ళు కాచే గది ఉంది. ఆడవాళ్ళ హమ్మాంలోకి పోలీసు అడుగుపెడితే చెంబులతో కొడతాం. ఈ ఊళ్ళో అంతకన్నా గట్టి కోట లేదు.

రెండోది, ఈరోజే ఒక రొట్టె కాల్చి, కొరికి, ఆ మేకుకు తగిలించు. కొత్తగా నిగనిగలాడుతుంటే గుడ్డివాడు కూడా పట్టేస్తాడు. పొయ్యి పొగ మీద వేలాడదీసి ఆరబెట్టు. నీ మొగుడితో కొరికించు. ఇంట్లో మగవాడినన్న సంగతి కనీసం అతని పళ్ళకైనా గుర్తు చెయ్యి.

ఇక ఆ పట్టాళం వీరుల మాట. ఒక్కణ్ణి నలుగురు బెల్టులతో కొట్టారా! వాళ్ళను కన్న తల్లులు ఇక్కడికి స్నానానికి వస్తే బాగుండు, సలసల కాగే నీళ్ళు పోసి వీపు రుద్దేదాన్ని.

రోజియా


కోరతుత్
ఫిబ్రవరి

అక్కయ్యా,

ఈ ఉత్తరం తెచ్చినవాడే ఎల్మురాద్. ముందు వాడికి వేడిగా ఏదైనా పెట్టు. కుడి పక్కనుంచి మాట్లాడు.

రొట్టె తగిలించాను. మీ మరిది కొరకనన్నాడు. "దొంగ సాక్ష్యంలో నా పళ్ళు ఎందుకు?" అన్నాడు. నేనే కొరికాను.

సబోహత్


బుఖారా
మార్చి

సబోహత్,

చేరాడు. ఒళ్ళంతా చూశాను. చూసింది రాయను.

తింటున్నాడు, నిద్రపోతున్నాడు. నీళ్ళు కాచే ముసలాడికి కట్టెలు అందిస్తున్నాడు. గట్టిగా తలుపు పడితే మాత్రం చేతులు నెత్తి మీద పెట్టుకుని కూర్చుండిపోతాడు. దేశరక్షణకని తీసుకెళ్ళి వాళ్ళు నేర్పిన విద్య ఇదీ.

నేను వాడితో మెత్తగా మాట్లాడలేను, నీకు తెలుసుగా. "లేవరా ఎద్దూ, కట్టెలు తే" అంటాను. "పెద్దమ్మా, నువ్వు తిడుతుంటే ఇంట్లో ఉన్నట్టుంది" అన్నాడు. ఆవిరి వల్ల కళ్ళు మండి బయటికి వచ్చేశాను.

రోజియా


కోరతుత్
మార్చి

అక్కయ్యా,

హమ్దమ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒంటరిగా కాదు. పట్నం నుంచి సైన్యం తాలూకు కెప్టెన్ ఒకడు, ఇద్దరు సిపాయిలు వెంట ఉన్నారు. కెప్టెన్ బూట్లతోనే బొంతల మీదికి ఎక్కాడు. పెట్టెలు బోర్లించారు, గడ్డివాము పీకారు, తందూరులో కూడా తల పెట్టి చూశారు. మంట చల్లారి ఉంది, లేకపోతే ఆ మీసాలు మిగిలేవి కావు.

చివరికి కెప్టెన్ గోడ మీది రొట్టెను చూశాడు.

"ఇదేమిటి? కుళ్ళిన రొట్టెను గోడకు ఎందుకు వేలాడదీశారు?" అన్నాడు ముక్కు మూసుకుంటూ.

హమ్దమ్ ముందుకొచ్చి దాన్ని దగ్గరగా, చాలాసేపు చూశాడు. కొరికిన చోట వేలు పెట్టి చూశాడు.

"ఇది వీళ్ళబ్బాయి కొరికి వెళ్ళిన రొట్టె సార్" అన్నాడు. "తిరిగొచ్చినవాడు ముందు ఇది తినాలి. ఇది ఇక్కడుందంటే వాడు ఈ గడప తొక్కలేదన్నమాటే. మాలో ఏ తల్లీ దొంగ రొట్టె తగిలించదు. కొడుక్కి అరిష్టమని చచ్చేంత భయం. మీ కాగితాల కన్నా గట్టి సాక్ష్యం సార్ ఇది."

కెప్టెన్ పకపకా నవ్వి, "మూఢనమ్మకాలు" అని ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. హమ్దమ్ వెనకగా ఆగి, నాకు మాత్రమే వినిపించేటట్టు అన్నాడు: "ఈసారి ముందుపళ్ళన్నీ ఉన్నవాళ్ళతో కొరికించు సబోహత్. నడిమి పన్ను లేని కొరుకు ఊళ్ళో నీ ఒక్కదానిదే."

అక్కయ్యా, అతనికి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. దానికన్నా నన్ను ఇంకోటి తినేస్తోంది. అరిష్టమన్నాడే, అది నిజమే కదా. వాడి పేరున దొంగ రొట్టె తగిలించాను. నా చేతులతో నేనే నా బిడ్డకు కీడు తెచ్చుకున్నానేమో. దింపుదామంటే భయం, ఉంచుదామంటే భయం.

సబోహత్


బుఖారా
మార్చి

పిచ్చిదానా,

హమ్దమ్ నీకు మేలు చేశాడని కరిగిపోకు. వాడు గొర్రె కోసం కాసుకుని కూర్చున్నాడు. పోలీసు ఊరికే అబద్ధమాడడు. నాలుగు రోజులాగి, "మా ఇంట్లో శుభకార్యముంది సబోహత్" అంటూ వస్తాడు, చూసుకో. వాడి మంచితనానికి నేను మురిసిపోను.

కీడట, కీడు! ఆ రొట్టె కొరికింది ఎవరే? నువ్వు. మరి అది నీ రొట్టె, ప్రయాణం నీది. అరిష్టం ఏదైనా ఉంటే నీ కాళ్ళకు తగలాలి గానీ వాడికెందుకు తగులుతుంది? నా మొగుడు పోయిన ఏడు కూడా బుఖారా రాకుండా, "ఆయన పంపలేదు అక్కయ్యా" అని జాబు రాసినదానివి. ఊరి చివర కాలవ దాటితే నీకు కళ్ళు తిరుగుతాయి. అంత భయంగా ఉంటే రొట్టె కొరికిన పాపానికి ఒకసారి బయల్దేరు. చూస్తాను నీ ప్రయాణం!

రోజియా


కోరతుత్
ఏప్రిల్

అక్కయ్యా,

హమ్దమ్ వచ్చాడు. గొర్రె అడగలేదు.

టోపీ తీసి పక్కన పెట్టి మాట్లాడాడు. మళ్ళీ వెతుకుతారట, ఈసారి బంధువుల ఇళ్ళన్నీ చూస్తారట. "వాళ్ళు పట్టుకుంటే పారిపోయినవాడు. తనంతట తాను వెళ్తే దెబ్బలు తిన్నవాడు" అన్నాడు. తాష్కెంట్‌లో సైన్యం ఆసుపత్రి ఉందట. పట్టాళంలో దెబ్బలు తిన్న పిల్లల తల్లులు కొందరు అక్కడి అధికారుల ముందు రోజూ నిలబడుతున్నారట. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు పిల్లలను డాక్టర్లు పరీక్షించి ఇంటికి పంపేశారట. "ఖాయంగా అవుతుందని చెప్పలేను. కాకపోనూవచ్చు. తల్లి పక్కన ఉండాలి. ఒక్కడే వెళ్తే నోరు నొక్కేస్తారు."

"మీకెందుకు ఇంత శ్రమ?" అని అడిగేశాను.

"మా ఇంట్లోనూ ఒకటి వేలాడుతోందిగా" అన్నాడు.

వాళ్ళబ్బాయి ఆఫ్ఘన్ యుద్ధంలో పోయాడని తెలుసు, సీలు వేసిన పెట్టెను మన శ్మశానంలోనే పాతారు కదా. పెట్టె తెరవనివ్వలేదు కాబట్టి అందులో ఉన్నది తన కొడుకు కాదంటుందట వాళ్ళావిడ. రొట్టెను ఈనాటికీ దింపనివ్వలేదట. పాత రొట్టె ఎలా ఉంటుందో, కొరికిన అంచు ఎలా నల్లబడుతుందో ఇతనికి తెలియక ఎవరికి తెలుస్తుంది?

మీ మరిది ససేమిరా అంటున్నాడు. "ఆడదానివి, రష్యన్ భాష సరిగా రాదు, అధికారుల ముందు ఏం మాట్లాడతావు?" అంటాడు. మరి మీరు రండి అంటే నడుంనొప్పి అంటాడు.

నువ్వు చెప్పు అక్కయ్యా.

సబోహత్


బుఖారా
ఏప్రిల్

సబోహత్,

వద్దు.

హమ్దమ్ మాట నమ్మి పిల్లవాణ్ణి తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెడతావా? వాళ్ళు ఇక్కడికి రారు. వచ్చినా నేను చూసుకుంటాను. నీళ్ళు కాచే ముసలాడు ఈమధ్య ఎవరెవరితోనో గుసగుసలాడుతున్నాడు, అయినా చూసుకుంటాను. ఇంకో చోటు వెతుకుతాను. ఎడారిలో గొర్రెల మందల దగ్గరికి పంపుతాను. కొన్నాళ్ళు ఆగు.

నేను మొన్న రాసింది ఎగతాళికి. నువ్వు ఎక్కడికీ బయల్దేరకు. నాకు పిల్లలు లేరని నీకు తెలుసు. వీడు "పెద్దమ్మా" అని పిలుస్తున్నాడు. నాకు భయంగా ఉందే.

రోజియా


తాష్కెంట్
మే

అక్కయ్యకు సలాం.

నువ్వు వద్దన్నా వచ్చి వాణ్ణి తీసుకొచ్చేశాను. బుఖారా స్టేషన్‌లో నువ్వు రైలు వెంట చెప్పులు లేకుండా పరిగెడుతుంటే నా కొడుకు... కాదు, నీ కొడుకే అనాలి ఇక, వాడు నవ్వాడు. ఇంటికొచ్చాక వాడి నవ్వు వినడం అదే మొదటిసారి. లోకాన్నంతా వెక్కిరించే మా అక్కయ్యేనా ఈవిడ అనుకున్నాను. నాకూ నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు.

నువ్వు ఎగతాళికే రాశావు. కానీ నేను రాత్రంతా దాన్నే ఆలోచించాను. రొట్టె కొరికింది నేను, మేకుకు తగిలించింది నేను. ఆ రొట్టె దొంగది కాకుండా ఉండాలంటే నేను బయల్దేరాలి, పని చూసుకుని తిరిగిరావాలి, దింపి తినాలి. అంతే కదా? మీ మరిదితో అదే చెప్పాను. "నేను వచ్చేదాకా ఆ రొట్టెకు ఎలక తగలకుండా చూసుకోండి, ఆ మాత్రం మీ నడుం ఒప్పుకుంటుందా?" అన్నాను.

ఇక్కడ మా గోడు వినే కల్నల్‌ను చూస్తే నువ్వైతే పండగ చేసుకునేదానివి. పెద్ద బల్ల, బల్ల మీద అద్దం, అద్దంలో తన మొహమే చూసుకుంటూ మాట్లాడతాడు. వరండాలో నాలాంటి తల్లులు బారుగా ఉన్నారు. ఫర్గానా ఆవిడ ఒకతె నాకు రష్యన్ మాటలు నేర్పింది, తిట్లతో సహా.

"నీ కొడుకు పారిపోయాడు" అన్నాడు కల్నల్.

"పారిపోలేదు. ఇంటికొచ్చాడు. ఇల్లు ఎటో వాడికి తెలుసు" అన్నాను.

"సైనికుడు దెబ్బలకు ఏడవడు" అన్నాడు.

"చొక్కా ఎత్తు నాన్నా" అన్నాను. ఎత్తాడు. కల్నల్ కిటికీ వైపు తిరిగాడు. "ఇటు చూడండి. మీరు యుద్ధాలు చేసినవారు, పిల్లవాడి వీపు చూడలేరా?" అన్నాను. తరవాత వాడి కుడి చెవి గట్టిగా మూసి, ఎడమ పక్కనుంచి పేరుపెట్టి పిలవమని కల్నల్‌తో అన్నాను. పిలిచాడు. వాడు కదలలేదు. ఇంకా గట్టిగా పిలిచాడు. వాడు నన్నే చూస్తున్నాడు.

ఆసుపత్రికి రాశాడు. ఇప్పుడు డాక్టర్లు చూస్తున్నారు. లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశారు. నేను తలుపు దగ్గరే కూర్చున్నాను. వెళ్ళిపొమ్మంటే వెళ్ళడం లేదు.

సబోహత్


కోరతుత్
జూన్

అక్కయ్య రోజియాకు సలాం.

ఇంటికి చేరాం. ఇద్దరం. సైన్యానికి పనికిరాడని రాసిచ్చారు. అక్కడికి మిగతావాళ్ళనేదో మనుషులను చేసినట్టు! చెవి ఇక రాదన్నారు. కొట్టినవాళ్ళ సంగతి అడిగితే విచారిస్తామన్నారు, ఆ మాట అంటూనే పేర్లు రాసుకోవడం మరిచిపోయారు. మళ్ళీ వెళ్ళి గుర్తు చేస్తాను. దారి తెలిసింది కదా.

మీ మరిది రొట్టెను కాపాడాడు. ఎలకల భయంతో దాని కిందే పక్క వేసుకున్నాడట. నేను రాగానే ఏమీ అనలేదు, నా చేతిలో మూట తీసుకున్నాడు. తరవాత కొట్టంలోకి వెళ్ళి ఏడ్చాడు. ఆ ఆవు అన్నీ చూసింది పాపం.

రొట్టె దింపుతుండగా వాకిట్లో దగ్గు వినిపించింది. హమ్దమ్ వచ్చాడు. ఎల్మురాద్‌ను కావలించుకున్నాడు. కాసేపు వదల్లేదు. లోపలికొచ్చి, మొదటిసారి కూర్చున్న చోటే కూర్చున్నాడు. టీ పోస్తే ముట్టలేదు.

"నువ్వు తిను" అన్నాడు నాతో.

రాయిలా ఉంది. టీలో నానబెట్టి, లేని పన్ను పక్కనుంచి నమిలాను. నేను ముక్క ముక్కగా తింటుంటే హమ్దమ్ చిన్నపిల్లవాడిలా చూస్తున్నాడు. పొడి కూడా ఏరి నోట్లో వేసుకున్నాక అడిగాను, "ఎందుకండీ అలా చూస్తారు?"

"ఆ రోజు మీ మేకు ఖాళీగా కనబడితే సంతోషమేసింది సబోహత్. భయం తరవాత వేసింది. రొట్టె దిగడం నేనెప్పుడూ చూడలేదు. ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాను" అన్నాడు.

ఆయన టోపీ తీసుకుని లేచాడు.

అక్కయ్యా, నేను ముందుగా బయటికి వెళ్ళి ఆయన బూట్లు వాకిలి వైపు తిప్పి పెట్టాను. నువ్వు ఎంతైనా వెక్కిరించుకో.

నీ చెల్లెలు
సబోహత్